తండ్రి పేరు సదయ్య

“శాంతిరాజ్. తండ్రి పేరు సదయ్య. గోదావరిఖని.”

దొర బంగ్లా మేనేజరు రఘుపతి ఆధార్ కార్డు చూసి పైకే చదివాడు.

“పేరు చూస్తే చర్చికి పోయేటోళ్ల లెక్కున్నది. నాయిన పేరు సదయ్యేంది సార్?”

శాంతిరాజ్ కార్డు వెనక్కి లాక్కున్నాడు.

“అదంతే,” అన్నాడు.

అప్పుడే వరండా ముందు నుంచి బాతులను తోలుకుపోతున్న ముసలాయన టక్కున ఆగాడు. బాతులు ముందుకు పోయాయి. ఆయన మాత్రం కదల్లేదు.

నిజాం కాలంలో ఏ దొరో వేటకొస్తే దిగడానికి చెరువు గట్టున కట్టిన బంగ్లా అది. ఇప్పుడు సెలవులకొచ్చే వాళ్లకు గదులు అద్దెకిస్తున్నారు. మేకపిల్లలను ఎత్తుకుని ఫొటో దిగొచ్చు, ఆవు పాలు మన చేత్తో మనమే పితకొచ్చు అని గేటు దగ్గర బోర్డు. పితికిన పాలు మాత్రం వాళ్లే తీసుకుంటారు.

భార్య కెరోలిన్ ఏడాదిగా పోరుపెడితే శాంతిరాజ్ పెళ్లిరోజుకు తీసుకొచ్చాడు.

సంతోషపడటానికి కారణముంది. సర్వీసులో ఉండగా పోయిన తండ్రి ఉద్యోగం తనకు రాబోతోంది. మెడికల్ అయిపోయింది. ఆర్డరు చేతికి రావడమే తరువాయి.

భయపడటానికీ కారణముంది. తండ్రి అసలు పేరు యోనా. బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు సదయ్య పేరు మీద పనిచేశాడు. వెనకటి రోజుల్లో ఒకరికొచ్చిన కొలువులో ఇంకొకరు చేరడం అక్కడ కొత్తేం కాదు. కానీ ఎవడైనా ఒక్క ఫిర్యాదు రాస్తే చాలు, కొడుకు ఉద్యోగం గోవిందా.

సాయంత్రం చెరువు దగ్గర ముసలాయన మెల్లగా పక్కకు చేరాడు.

“బిడ్డా, మీ నాయిన ఏ గనిల చేసిండు?”

“నీకెందుకు?”

“మంచిగున్నడా?”

“పోయిండు. ఆరు నెలలాయె.”

ముసలాయన గట్టు మీద చతికిలబడ్డాడు. కాసేపటికి కళ్లు తుడుచుకున్నాడు.

“మీ అమ్మ మంచిగున్నదా? కొలువు నీకు వస్తదా? ఎవలన్న అడ్డం పడ్తున్నరా?”

శాంతిరాజ్ గబగబా గదిలోకొచ్చి తలుపేశాడు.

“వీడు ఆరా తీస్తున్నడు. ఎవడో పంపిండు.”

“పాపం, ఉత్తగనే అడిగిండేమో,” అంది కెరోలిన్.

“ఉత్తగ అడిగేటోడికి నా కొలువు సంగతెందుకు? వీడు ఒక్క ఉత్తరం రాస్తే మనం రోడ్డున పడ్తం.”

“అయితే ఏం జేద్దామంటవ్?”

శాంతిరాజ్ చేసిన పని చెప్పాలంటే నాకే సిగ్గేస్తోంది. తిన్నగా రఘుపతి దగ్గరికి పోయి, తన భార్య స్నానం చేస్తుంటే ఆ ముసలోడు కిటికీలోంచి తొంగి చూశాడని చెప్పాడు.

రఘుపతి వెనకా ముందూ చూడలేదు. పదిమంది ముందు ముసలాయన చెంప పగలగొట్టాడు.

“పదకొండేండ్ల సంది అన్నం పెడ్తున్న. ఈ వయసుల ఇదేం రోగంరా నీకు?”

“నేను చూడలే సారూ.”

“మేడం, మీరే చెప్పున్రి. ఈయన్నే గదా?”

కెరోలిన్ మొగుడి ముఖం చూసింది. అవునని తలూపింది.

ముసలాయన శాంతిరాజ్ వైపు చూశాడు. తనంతట తనే గేటు వైపు నడిచాడు.

పశువుల కొట్టంలో ఉన్న బట్టల మూట తెచ్చి గేటు అవతల పారేశారు. ఆయన వెంట బాతులు కూడా గేటు దాకా పోయాయి. చూస్తున్నవాళ్లంతా పడీ పడీ నవ్వారు.

“ఎటు పోతడు?” అంది కెరోలిన్.

“ఎటన్న పోనీ. మల్ల మనకు కనవడకుంటే చాలు.”

మరునాడు ఇద్దరూ పడవెక్కి ఫొటోలు దిగారు.

పది రోజులకు గని ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. సదయ్య పేరు మీద పనిచేసింది వేరేవాడని ఆకాశరామన్న ఉత్తరం ఒకటి అందిందట.

“ఆ బాతుల ముసలోడే!” పళ్లు కొరికాడు శాంతిరాజ్. “ఆనాడే కాళ్లిరగ్గొట్టాల్సింది.”

అక్కడి గుమాస్తా జాన్ ప్రసాద్ శాంతిరాజ్ వాళ్ల చర్చివాడే. దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు.

“అసలు సదయ్య వచ్చి, నా ఇష్టంతోనే కొలువిచ్చిన అని సంతకం పెడితే నీ ఫైలు కదుల్తది తమ్మీ. ఉన్నడా?”

“ఎన్నడో సచ్చిపోయిండని నాయిన అంటుండె.”

“అయితే సచ్చిపోయినట్టు సర్టిఫికెట్టన్న తే. రేపు ఐదింటి దాకనే టైము.”

శాంతిరాజ్ ప్రాణం లేచొచ్చింది. చచ్చినవాడితో పేచీ ఉండదు. బైకెక్కి, రామకృష్ణాపూర్ అవతల ఉన్న సదయ్య ఊరికి పోయి, ఇల్లు కనుక్కున్నాడు.

సదయ్య చెల్లెలు సమ్మవ్వ గడప దగ్గర కూర్చుని బీడీలు చేస్తోంది.

“అవ్వా, సదయ్య సచ్చిపోయిన కాయితం కావాలె.”

“ఎవలు బిడ్డా నువ్వు?”

“యోనా కొడుకును.”

సమ్మవ్వ ఒళ్లో చాట కింద పెట్టి లేచింది. రెండు చేతులతో వాడి చెంపలు నిమిరింది.

“యోనా కొడుకువా! నువ్వు మీ అమ్మ కడుపుల ఉన్నప్పుడే గదా, పుట్టేటోడు ఉపాసం ఉండొద్దని మా అన్న తన కొలువు మీ నాయినకు ఇచ్చిండు. తను పెండ్లి గూడ చేసుకోలే.”

“అవ్వా, జల్ది ఉన్నది. ఆ కాయితం...”

“బతికున్నోనికి కాయితమేంది బిడ్డా? మా అన్న దొర బంగ్ల చెరువు కాడ బాతులు కాస్తడు, ఆడనే పడుంటడు, యాడికీ పోడు, నువ్వు పోయి అడుగు, నువ్వడిగితే కాదంటడా!”