ఇనుప మూకుట్లో ఉసిరిపొడి

మతిమరుపు ముదిరి మా ఆయన నన్ను గుర్తుపట్టడం మానేశారు. రోజూ ఆసుపత్రికి వెళ్ళి, తేనెలో ఉసిరిపొడి కలిపి తినిపించి వస్తున్నాను. పెళ్ళినాటి నన్నయినా పోల్చుకుంటారేమోనని, నిన్న అదే పొడిని ఇనుప మూకుట్లో నానబెట్టి తలకు పట్టించాను. తెల్లజుట్టు నల్లబడింది. ముడతలు మాత్రం నా మాట వినలేదు.

ఇవాళ ఎదురుగా కూర్చుని చెంచా అందిస్తే నోరు బిగించారు.

“నన్ను చూసి చెప్పండి, నేనెవర్ని?”

“ఎవరో కొత్తమ్మాయివి. నాకొద్దమ్మా.”

“అమ్మాయినా! అయితే చూపు కూడా పోయిందన్నమాట.”

ఆయన నవ్వలేదు. గుమ్మం వైపు చూస్తూ గొంతు తగ్గించారు.

“రోజూ ఒక తెల్లజుట్టావిడ వస్తుంది. నోరు మంచిది కాదుగానీ, ఆవిడ పెడితేనే తింటాను. ఇవాళ ఇంకా రాలేదేం?”