మంగళకు శిగమొచ్చింది

"నేనింక కాలేజీకి పోను నాయ్నా" అంది మంగళ.

రాజమల్లు ఆమె సంచీని గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి తిరిగాడు. కామాటిపురాలోని ఆ ఇరుకు గదుల చాల్ మొత్తంలో డాక్టరు చదువు చదివే పిల్ల ఇదొక్కతే. బోనాలకని ఇంటికొచ్చింది. ఇప్పుడు గ్రాంట్ రోడ్‌లో బండెక్కి హాస్టలుకు పోవాలి.

మంగళ అంతా చెప్పింది. నిద్ర పట్టడం లేదని, పుస్తకం తెరిస్తే ఒక్క ముక్కా ఎక్కడం లేదని, ఇటుకలు మోసేవాళ్ల పిల్లకు ఈ చదువెందుకని సారు వార్డులో అందరి ముందూ అన్నాడని చెప్పింది. హాస్టల్లో పక్క గది పిల్ల మొన్న నిద్రమాత్రలు మింగిందని, తనకూ చచ్చిపోవాలనే అనిపిస్తోందని కూడా చెప్పింది. ఏదీ దాచలేదు.

రాజమల్లు విన్నాడు. విని ఏమన్నాడు?

"మిల్లు సమ్మెల నా పని వోయింది, ఇటుకలు మోసిన. నేనేడ్చిన్నా? ఫ్యాను కింద కూసోని సదువుకునేదానికి నీకేం బాధనే? ఖాలీపీలీ నాటకాలు జెయ్యకు, నడువ్" అని జబ్బ పట్టి గుంజాడు.

మంగళకు ఒళ్లు మండిపోయింది. చెయ్యి విదిలించుకుని వరండాలోకి ఉరికింది. కింద పోచమ్మకు బోనాలు ఎత్తుతున్నారు, డప్పులు అదిరిపోతున్నాయి. జడ ఊడిపోయింది. పోను, చంపినా పోనని గొంతు చించుకుని అరిచింది. ఊగిపోతూ అరిచింది.

"పిల్లకు శిగమొచ్చింది. పోచమ్మ తల్లి ఒంటి మీదికొచ్చి పలుకుతున్నది" అంది పక్కింటి గంగవ్వ.

ఇంకేముంది, డప్పులు మెట్లెక్కి పైకొచ్చాయి. ఒకరు వేపమండలు తెచ్చారు, ఒకరు పసుపునీళ్లు తెచ్చారు. ఇప్పటిదాకా జబ్బ గుంజిన తండ్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మంగళకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెంటికీ మించి కోపమొచ్చింది. కన్నబిడ్డ మొత్తుకుంటే చెవిన పెట్టని పెద్దమనిషి ఇప్పుడు చెవులు రిక్కించి నిలబడ్డాడు. సరే, అమ్మవారే మాట్లాడుతుంది.

"ఈ పిల్లను ఆ కాలేజీకి పంపకురా. పంపితె నీకు దక్కది" అంది కళ్లు పెద్దవి చేసి.

రాజమల్లు దబ్బున కాళ్ల మీద పడ్డాడు. పంపనన్నాడు. లెంపలు వాయించుకున్నాడు. ఏడుస్తూ ఆమె పాదాలకు పసుపు రాశాడు. ఎన్నో నెలల తరవాత మంగళకు ఊపిరాడింది.

అప్పుడు రాజమల్లు తలెత్తి, చేతులు జోడించి, భయం భయంగా అడిగాడు.

"నీ మాట దాటను తల్లీ. గని మా మంగళకు ఎట్ల జెప్పాలె? దానికి సదువంటె పాణం."