ఒక్కడి పరుపు

పరుపుల షాపులో పరాతెనే బూట్లు విప్పి నాలుగో పరుపు మీద వెల్లకిలా పడుకున్నాడు. నడుము కిందికి చెయ్యి పోనిచ్చి చూశాడు. సందు లేదు. ఇదే బాగుందన్నాడు.

తలాపున నిలబడ్డ హూహానా పెదవి విరిచింది. ఆమె అతని భార్య మీరియామాకు అక్క. రాత్రంతా నిద్ర లేక కళ్లు వాచి ఉన్నాయి.

"ఇరవై ఏళ్లు అడిగింది. అప్పుడు నీకు ఏ పరుపూ బాగోలేదు."

అతను లేచి బూట్లు తొడుక్కున్నాడు. గుంటపడ్డ పాత పరుపు మీంచి లేవలేక మీరియామా నడుము పట్టుకుని ఏడిస్తే, పని తప్పించుకునే వేషాలనేవాడు. రెండేళ్ల కిందట ఆమె దిండు చంకన పెట్టుకుని, ఓపోతికిలోని ఇల్లు వదిలి అక్క దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఇవాళ తెల్లవారగానే అతను హూహానా ఇంటికి వెళ్లాడు. నా భార్యను నా ఇంటికి పంపమన్నాడు. ఆమె మేనమామలు ఒకరి తర్వాత ఒకరు లేచి తిట్టారు. ఏ మొహం పెట్టుకుని వచ్చావన్నారు. అతను కదలలేదు. గొంతు పోయేదాకా అడిగాడు. పక్క గదిలోనే ఉన్న మీరియామా ఒక్క మాట అనలేదు. చివరికి హూహానాయే మూడు రాత్రులకు ఒప్పుకుంది. ఆపైన ఒక్క పూట కూడా లేదంది.

షాపామె వచ్చి, పడుకున్నప్పుడు వెన్ను తిన్నగా ఉండాలనీ, మరీ మెత్తనిదైతే నడుము కుంగుతుందనీ చెప్పుకొచ్చింది. చెబుతూ అక్కడున్న దిండు మీద కూర్చోబోయింది. హూహానా చటుక్కున దిండు లాగేసి, తల పెట్టుకునేదాని మీద కూర్చుంటావా అని కసిరింది. షాపామె బిత్తరపోయి మాట మార్చింది.

"ఇద్దరు పడుకునేదా అండీ, ఒక్కరికా?"

"ఇద్దరికి," అన్నాడు పరాతెనే.

"ఒక్కడికి చాలు," అంది హూహానా. "అది వచ్చి నీ పక్కన పడుకుంటుందనుకున్నావా?"

అతను ఒక్కరిదే ఇమ్మన్నాడు. మంచం వద్దు, నేల మీదే వేస్తానన్నాడు. నేల చెమ్మ పరుపుకు పడదని షాపామె హెచ్చరించింది. మూడు రాత్రులకు ఏమీ కాదన్నాడు.

పరుపు వేసుకున్న వ్యాన్ ఫకతానే ఊరు దాటాక పరాతెనే అడిగాడు.

"వదినా, ఈ రెండేళ్లలో ఎప్పుడైనా నా పేరెత్తిందా?"

"ఎత్తింది. చచ్చినా ఆ ఇంట్లో పడుకోనంది."

"మరి ఎందుకు ఒప్పుకున్నావు?"

"నీ కోసం కాదు. మీ పిల్లలు ఏడ్చారు."

ఇంటికొచ్చి అతను ముందుగదిలో సామానంతా బయట పడేశాడు. కిటికీ పక్క గోడవారగా పరుపు వేసి, కొత్త దుప్పటి ముడతలు లేకుండా సర్దాడు. వంటింట్లో చుట్టాల ఆడవాళ్లు బంగాళాదుంపల చెక్కు తీస్తున్నారు. ఎవరూ అతన్ని పలకరించలేదు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, పరుపు అంచున కూర్చుని గేటు వైపు చూస్తూ ఉన్నాడు.

నాలుగింటికి మీరియామా శవపేటిక తెచ్చి, పూడ్చేదాకా ఆ మూడు రాత్రులు ఉంచడానికి, ఆ పరుపు పక్కన దించారు.