వాచీ మనిషి

అతను మళ్ళీ వాచీ చూసుకున్నాడు.

ముందు ఆమె వైపు, తర్వాత వాచీ వైపు, మళ్ళీ ఆమె వైపు.

బస్సులో ఆమె వెనక రెండో సీటు అతనిది. నెరిసిన జుట్టు. వాచీకి పైన, ముంజేతి మీద పాత మచ్చ ఒకటి. నెలవంకలా వంగి, నడుమ కాస్త ఖాళీతో. కొన్ని వారాలుగా కిటికీ అద్దంలో చూసీ చూసీ ఆ చెయ్యి ఆమెకి కంఠతా వచ్చేసింది.

అన్నయ్య పెట్టిన కాపలా. ఇంకెవరు పెడతారు?

ఆమె తలకి ఆపరేషనై ఎనిమిది నెలలు. మెదడులో మూర్ఛ పుట్టే చోటు వెతికి, అంత మేరా తీసేశారు. ఆ తర్వాత ఒక్క ఫిట్ కూడా రాలేదు. చుట్టాలందరూ ఫోన్లు చేసి అదృష్టవంతురాలివన్నారు.

అదృష్టవంతురాలు తువ్వాళ్ళు మడతపెడుతూ ఏడ్చేది. చెంచా కిందపడితే ఇల్లెగిరిపోయేలా అరిచేది.

"ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి మనసు ఇలా అవుతుందమ్మా. మందు రాస్తాను, మెల్లగా సర్దుకుంటుంది," అన్నాడు డాక్టరు.

"తీసిన ముక్కలో నా నవ్వు కూడా పోయిందేమో చూశారా డాక్టర్ గారూ?"

డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఇంట్లో ఆమె గదికి లోపల గడియ లేదు. ఫిట్స్ మొదలైన రోజుల్లో తలుపేసుకుని పడిపోతే ముందుపన్ను ఒకటి ఊడింది, తలుపు బద్దలుకొట్టాల్సి వచ్చింది. అప్పుడే అన్నయ్య గడియ పీకేశాడు. ఇప్పటికీ వదిన ఉన్నట్టుండి తలుపు తోసి తొంగిచూస్తుంది.

"ఏం కావాలి వదినా?"

"ఏం లేదు, ఊరికే."

ఆ 'ఊరికే' విన్నప్పుడల్లా గోడలు ఇంకో జానెడు దగ్గరికి జరిగినట్టుండేది.

"ఏడాది గడవనీ, గడియ బిగిద్దాం," అనేవాడు అన్నయ్య.

ఇక ఆమెకంటూ మిగిలింది ఈ బస్సు. ఇంటి నుంచి కళ్ళజోళ్ళ దుకాణం దాకా. అక్కడ ఫ్రేములకి మరలు బిగించే పని. దారంతా రెప్పవెయ్యకుండా కిటికీలోంచి చూస్తూ, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేని దిగులు పడడం.

అందులోకి కూడా దూరాడు ఈ వాచీ మనిషి.

ఆమె లేచి వెనక్కి తిరిగింది.

"ఏమండీ, ఎంతసేపని చూస్తారు?"

"నన్నేనా అమ్మా?"

"మిమ్మల్నే. నన్ను చూడ్డం, వాచీ చూడ్డం. ఈ లెక్కంతా రోజూ ఎవరికి చెబుతున్నారు? మా అన్నయ్యకేనా?"

"మీ అన్నయ్యెవరో నాకు తెలీదమ్మా."

"మరి నేను దిగాక దిగి, వెనక్కెళ్ళే బస్సెందుకెక్కుతున్నారు? మీ స్టాపు ఎప్పుడో దాటిపోయిందిగా!"

బస్సంతా ఇటు తిరిగింది.

"కూతురి వయసు పిల్ల వెంటపడ్డానికి సిగ్గులేదూ?" అందొకావిడ.

"జుట్టు నెరిసింది గానీ బుద్ధి నెరవలేదు," అన్నాడు ఇంకొకాయన.

అతను నోరు తెరిచాడు. చుట్టూ ఉన్న మొహాలన్నీ చూశాడు. మూసుకున్నాడు.

మెల్లగా అడిగాడు. "ఇప్పుడు బాగానే ఉంటోందా అమ్మా?"

ఇంట్లో పొద్దస్తమానం వినే మాట. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"మీకెందుకు? ఇంకోసారి ఈ బస్సులో కనబడితే పోలీసుల్ని పిలుస్తాను!"

"దిగు పెద్దాయనా, దిగు. నా బస్సులో ఈ గోలేంటి!" కండక్టరు బెల్లు కొట్టాడు.

"ఇక రానులెండమ్మా," అని దిగిపోయాడు.

సాయంత్రం ఆమె ఇంట్లో అడుగుపెడుతూనే విరుచుకుపడింది.

"నా వెనక మనిషిని పెడతావా అన్నయ్యా?"

అన్నయ్య తెల్లబోయాడు. "ఒట్టు బుజ్జీ, నేనెవర్నీ పెట్టలేదు."

ఆమె నమ్మలేదు. అన్నయ్య బీరువాలోంచి పాత గడియ తీసి చేతిలో పెట్టాడు.

"ఏడాది దాకా ఆగక్కర్లేదు. బిగించుకో."

ఆమె సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసింది.

"ఎలా ఉంటాడు ఆ మనిషి?" అన్నయ్య అడిగాడు.

"జుట్టు నెరిసింది. మాటిమాటికీ వాచీ చూస్తాడు. అదీ నేను కదలకుండా కూర్చున్నప్పుడే."

"ఫిట్ వచ్చే ముందు నువ్వలాగే ఉండేదానివి కదే! చూపు నిలబడిపోయేది..." అన్నయ్య ఆగిపోయాడు. "బస్సులో తిడుతుంటే ఏమన్నాడు?"

"ఇప్పుడు బాగానే ఉంటోందా అన్నాడు. అంతే."

"అందరిముందూ నీ ఫిట్స్ మాట ఎత్తలేదా?"

"లేదు."

అన్నయ్య మంచం మీద కూర్చున్నాడు.

"ఓసారి రోడ్డు మీద నీకు ఫిట్ వచ్చింది. నీకు గుర్తుండదు. లారీకి ఎదురెళ్తుంటే ఎవరో లాగి, ఆస్పత్రిలో చేర్చారు. నీ తల ఎటు తిరిగింది, ఏ చెయ్యి ముందు బిగుసుకుంది, వాచీ చూసి ఫిట్ ఎంతసేపుందో, అన్నీ డాక్టరుకి చెప్పారట. మెదడులో చోటు వెతకడానికి మొదటి ఆనవాలు ఆ మాటలేనన్నాడు డాక్టరు. మేం వెళ్ళేసరికి ఆయన లేరు. చేతికి కట్టు కట్టి పంపేశామంది నర్సు."

"కట్టెందుకు?"

"ఫిట్ వస్తే నీ దవడలు బిగుసుకుపోయేవి." అన్నయ్య తల దించుకున్నాడు. "రేపు బస్సులో నేనూ వస్తాను. కనబడితే..."

"రాడన్నయ్యా. ఇక రానన్నాడు."

అన్నయ్య వెళ్ళిపోయాక ఆమె ఆఖరి మర బిగించి, తలుపు మూసి, గడియ వేసుకుంది.

ఎన్నేళ్ళ తర్వాతో, ఇక ఆ తలుపు ఎవరూ తొయ్యలేరు.

ఆమె చొక్కా చెయ్యి పైకి లాక్కుని, తన ముంజేతిని తనే గట్టిగా కొరికింది.

పళ్ళు వదిలాక చర్మం మీద తేలింది నెలవంక, నడుమ కాస్త ఖాళీతో.