ఎర్మినియా పుట్టుమచ్చ

"నవ్వనా, మూతి బిగించనా?" చెక్క గుర్రం ఎక్కుతూ అడిగింది ఎర్మినియా.

"నీ ఇష్టం. కదలకుండా కూర్చో చాలు."

"నా బుగ్గ మీద పుట్టుమచ్చ పడాలి సుమా! పడకపోతే సంఘంలో చెప్పేస్తా."

అన్సెల్మో పెట్టె కెమెరా నల్లగుడ్డలో తల దూర్చాడు. దూర్చినా ఒకటే, మానినా ఒకటే. రెండేళ్ళుగా అతని కళ్ళకు వెలుగూ నీడా తప్ప ఏదీ ఆనడం లేదు. ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు.

చిలీలోని వాల్పరైసోలో ఆ పార్కు ఫోటోగ్రాఫర్లకు ఒక ఆనవాయితీ ఉంది. సెప్టెంబరు జాతీయ పండగల ముందు జోడీలుగా ఒకరినొకరు ఫోటో తీసుకుంటారు. ఈసారి అన్సెల్మోకు జోడీ ఎర్మినియా. వేళాకోళాలు, మాంసం కూరిన ఎంపనాదాలు, వైను, అంతా సరదాయే. కాకపోతే చివర్న, "చెయ్యి బాగానే ఉంది" అని జోడీదారు ఫోటోగ్రాఫర్ల సంఘం పెద్దతో చెప్పాలి. చెప్పకపోతే ఆ ఏడాది పార్కులో చోటుండదు. పోయినేడు సెఫెరినో తీసిన ఫోటోలో మనిషికి తల లేదు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. సెఫెరినో ఆ రోజు ఇంటికి పోయినవాడు మళ్ళీ రాలేదు.

అది అన్సెల్మో మరిచిపోలేదు. నలభై ఏళ్ళుగా ఈ చెట్టు కిందే నిలబడ్డాడు. ఈ చోటు పోతే రేపు పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి?

"ఈ దారం పట్టుకో," అన్నాడు. కెమెరాకు కట్టిన దారం కొస ఆమె ముక్కుకు తగిలితే దూరం కుదిరినట్టే.

"ఇంకా దారమేనా? కళ్ళు పెట్టి చూడరాదూ?"

అన్సెల్మో నల్లగుడ్డను మొహమ్మీదికి లాక్కున్నాడు. "మా నాన్న పద్ధతి. నీకేం నొప్పి?"

"నాకేం లేదులే. నా వంతు వచ్చినప్పుడు నేనూ నీ కెమెరాతోనే తీస్తా. నా దారం తెగిపోయింది."

అన్సెల్మో షట్టరు తీగ నొక్కాడు. గుడ్డ తొడుగులోంచి పెట్టెలోకి చెయ్యి పెట్టి, అంకెలు లెక్కపెట్టుకుంటూ లోపలి మందునీళ్ళలో ఫోటో కాగితం కడిగాడు. చూపున్నవాడైనా కళ్ళతో పనిలేకుండా చేసే పనే అది, అక్కడ మాత్రం అతనికి తడబాటు లేదు.

తర్వాత అతను గుర్రం ఎక్కాడు. కెమెరా దగ్గరికి వస్తూ ఎర్మినియా నీళ్ళ బకెట్టును తన్నింది.

"ఈ దిక్కుమాలిన బకెట్టు ఇక్కడెవడు పెట్టాడు?"

"నువ్వే, ఇందాక."

"నోరు మూసుకుని కూర్చోవయ్యా, పెళ్ళికొడకా!"

చివరికి రెండు తడి కాగితాలూ చేతులు మారాయి.

"ముందు నువ్వు చెప్పు," అంది ఎర్మినియా. ఆ తొందర ఎందుకో అతనికి అర్థం కాలేదు.

అన్సెల్మో కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అంతా మసక. "అబ్బో! మీసం వెంట్రుకలు లెక్కపెట్టచ్చు. నీ చేతికి వంక పెట్టేవాడెవడు?"

ఇక ఆమె వంతు. ఎండకేసి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఓరి నీ దుంపతెగ! పుట్టుమచ్చ ఎంత బాగా పడిందయ్యా!"

ఇద్దరూ వెళ్ళి సంఘం పెద్ద ముందు ఒకరినొకరు తెగ పొగుడుకున్నారు. జోడీ మాట ఉంటే ఫోటో ఎవరూ అడగరు. ఏడాది గండం గడిచింది.

అన్సెల్మో ఈలవేసుకుంటూ కెమెరా సర్దబోయాడు. పొద్దున సముద్రపు మంచుకు తడవకుండా లెన్సుకు తొడిగిన తోలు మూత కోసం జేబులు వెతికాడు. లేదు. పెట్టె పైన తడిమాడు. అక్కడా లేదు. చెయ్యి మెల్లగా లెన్సు మీదికి పోయింది.

మూత పొద్దుట్నుంచీ తియ్యనే లేదు.