కుర్చీ కింద బూట్లు

పక్కదేశంలో జనం అధ్యక్షుణ్ణి తరిమేశారు. టీవీలో ఇప్పుడు మిలిట్రీ జనరల్ "త్వరలోనే ఎన్నికలు" అంటున్నాడు.

"ఈడు ఎన్నికలెట్టడు!" అని నవ్వాడు తవిటయ్య. బర్మామైన్స్ అనే కార్మికుల బస్తీని కూడగట్టి, బస్తీ సంఘం ప్రెసిడెంటుని గెంటించి, కొత్త ఎన్నిక జరిగేదాకా అని ఆ కుర్చీలో కూర్చున్నది అతనే.

పెళ్లాం పోలమ్మ కేరేజీతో వచ్చి, సంఘం ఆఫీసు గుమ్మం బయటే చెప్పులు విప్పింది.

"అదేటే? ఆ చెప్పులిప్పే రూలు పాతోడితోనే పోనాది గదా!"

"అందరూ ఇప్పుతన్నారు మావా. నానూ ఇప్పినాను."

"నానిప్పమన్నానేటి?"

"వొద్దని కూడా అన్నేదు."

తవిటయ్య బయటికి తొంగిచూశాడు. వరండాలో కాసుకుని ఉన్నవాళ్ల చెప్పులన్నీ మెట్ల కిందే ఉన్నాయి. కర్రతో కాపలా ఉన్న అప్పలరాజు గబుక్కున లేచి సెల్యూట్ కొట్టాడు.

తవిటయ్య టీవీ కట్టేసి, ఫ్యాక్టరీ డ్యూటీ బూట్లున్న కాళ్లని కుర్చీ కిందకి లాక్కున్నాడు.