ఉమ్మడి స్టెప్నీ

కోటబొమ్మాళి దాటగానే టాక్సీ వెనక టైరు ఢామ్మని పేలింది.

సోమేశ్వరరావు వెనక్కి తిరిగి చూశాడు.

వెనక సీట్లో భార్య కాంతం ఒళ్లంతా నీరు పట్టి రొప్పుతోంది. ఉద్దానంలో ఇంటింటికీ ఉన్న కిడ్నీ జబ్బే. ఈరోజు విశాఖ తీసుకెళ్లి రక్తం శుద్ధి చేసే మిషను ఎక్కించకపోతే మనిషి దక్కదని సోంపేట డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. తెల్లవారుతూనే బయల్దేరారు.

"కంగారు పడకు మావా, స్టెప్నీ ఉంది. సిటికెలో మార్సేత్తాను," అన్నాడు డ్రైవరు త్రినాథ్.

డిక్కీలోంచి చక్రం దించాడు.

సోంపేట టాక్సీ స్టాండులో స్టెప్నీలు ఎవరి సొంతమూ కావు. దూరం వెళ్లేవాడు చేతికందినది వేసుకుపోతాడు, వచ్చాక మళ్లీ అక్కడే పడేస్తాడు. ఊళ్ల మధ్య తిరిగినన్నాళ్లూ ఆ పద్ధతి బాగానే నడిచింది.

బోల్టులు సగం బిగించేసరికి వెనక ఇంకో కారు వచ్చి ఆగింది. ఆ కారూ ఈ టాక్సీ ఒకే రకం. అందులోంచి ఒక పెద్దాయన మెల్లిగా దిగాడు. అంత ఉక్కలోనూ పొడుగు చేతుల చొక్కా తొడుక్కున్నాడు.

"ఆ టైరు ఎయ్యకు నాయనా. అది నీ బండిది కాదు."

"మా స్టాండుదే బాబూ. కన్నాలు సరిపోనాయి కదా, ఇంకేటి కావాల?"

ఆయన వంగి టైరు పక్కనున్న అంకెల మీద వేలు పెట్టాడు.

"ఇదేటుంది, సదువు."

"145/70 ఆర్ 12."

"పేలినదాని మీదో?"

"165/65 ఆర్ 13."

"మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. గీత తరవాతది ఎత్తు. వెడల్పు నూరనుకుంటే ఎత్తు అందులో ఎంతో సెప్తాది. ఆర్ అంటే రేడియల్. ఆఖరిది లోపలి రిమ్ము, అంగుళాల్లో. నువ్వేసీది సిన్న కారుది. సన్నం, పొట్టి. ఆ పక్కన 69 అనుంది సూడు, అది మోసీ బరువు లెక్క. నీదాని మీద 77 ఉంది. ముగ్గుర్ని మోసుకుని ఇశాపట్నం దాకా పోదది. మద్దెలోనే పేల్తాది."

సోమేశ్వరరావుకి ఒళ్లు మండిపోయింది.

"లోపల మనిషి పోతన్నాది. నువ్వు అంకెలు సదివిత్తన్నావేటి? మా బాద నీకేటి తెలుసు?"

పెద్దాయన కారులోకి తొంగి కాంతం కాళ్లకేసి చూశాడు.

"మిషను ఎక్కించేరా?"

"ఇంకా లేదు. అక్కడ కాళీ ఉంటాదో లేదో."

ఆయన తన డ్రైవరు వైపు తిరిగాడు.

"మన స్టెప్నీ దించు."

"మనకే టైమైపోతన్నాదండి," అని గొణిగాడు ఆ డ్రైవరు.

"దించమన్నాను కదా."

దించిన చక్రం మీది అంకెలు తనే చదివి, సరిపోయిందని తలూపాడు.

"మరి మీకో?" అన్నాడు త్రినాథ్.

"నా టైర్లు కొత్తవే, పరవాలేదు. టెక్కలిలో నాది టైర్ల కొట్టే, ఈ మద్దెనే అమ్మీసేను. చర్చి ఈదిలో నెహెమ్యా అని అడిగితే సెప్తారు. తీరిక సూసి తెచ్చియ్యండి."

సోమేశ్వరరావు ఆయనకో దండమైనా పెట్టలేదు. కారెక్కి తలుపేసుకున్నాడు.

విశాఖలో డాక్టరు పెదవి విరిచాడు.

"మంచాలన్నిటికీ ముందే పేర్లు రాసేశాం. ఎవరైనా రాకపోతే చూద్దాం."

వరండాలో కాంతం తలని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు సోమేశ్వరరావు. తలుపు తీసినప్పుడల్లా లేచి చూశాడు. ఎండ నడినెత్తికి వచ్చాక నర్సు పిలిచింది.

"ఒకాయన రాలేదు. ఆవిడని తీసుకురండి."

సోమేశ్వరరావు కళ్లనీళ్లు తుడుచుకున్నాడు.

"రానోడు ఎవుడో గానీ, నా నెత్తిన పాలు పోసేడు," అన్నాడు త్రినాథ్‌తో.

సాయంత్రానికి కాంతం కళ్లు తెరిచి గుక్కెడు టీ అడిగింది. డాక్టరు మాత్రం ఆశ పెట్టలేదు. వారానికి రెండు మూడుసార్లు రావాల్సిందే, అయినా ఎన్నాళ్లో చెప్పలేనన్నాడు. బతికున్నంత వరకే బతుకు అనుకున్నాడు సోమేశ్వరరావు.

ఆస్పత్రిలో నాలుగు రోజులుంచి పంపారు. తిరిగి వస్తూ టెక్కలి చర్చి వీధిలో కారు ఆపించాడు. విశాఖలోనే బండికి కొత్త టైరు వేయించుకున్న త్రినాథ్ ఆ చక్రం దొర్లించుకుంటూ నడిచాడు.

నెహెమ్యా గారి ఇంటి ముందు షామియానా విప్పుతున్నారు. గుమ్మంలో ఆయన భార్య జీవరత్నమ్మ కూర్చుని ఉంది.

"ఎవరు బాబూ?"

"ఆయన మాకిచ్చిన స్టెప్నీ అమ్మా, తిరిగిచ్చీడానికి వచ్చేం," అన్నాడు త్రినాథ్.

ఆవిడ చక్రం వైపు చూసింది.

"ఇదేనా? ఆ దినమే రణస్థలం దాటేక, రోడ్డు పనుల కాడ ఇనప ముక్క టైరుని కోసీసిందట. ఎయ్యడానికి స్టెప్నీ లేదు. ఆ సైజు టైరు అక్కడ దొరకలేదు. డ్రైవరు సీకాకుళం ఎల్లి తెచ్చీసరికి పొద్దు వాలిపోనాది. బస్సెక్కీ ఓపిక ఆయనకెక్కడిది? టయానికి సేరలేకపోనారు. తెల్లారకముందే ఊపిరాడక పోనారు."

త్రినాథ్ చక్రాన్ని గోడకి ఆనించాడు.

సోమేశ్వరరావు గుమ్మం దగ్గరకొచ్చి అడిగాడు.

"ఎక్కడికి సేరాలమ్మా ఆయన?"

"ఈయనా ఆ రక్తం సుద్ది సేసీ మిషను మీద బతుకుతున్నోరే బాబూ, రాలేదని ఆ దినం ఈయన మంచం ఇంకెవులికో ఇచ్చీసేరట."